పులుపు లేని నల్లేరు

ఈ సంగతి చెప్పడానికి నేను నోరు తెరిచిన ప్రతిసారీ మావాళ్లు నా విస్తట్లో ఏదో ఒకటి వడ్డించారు. పెళ్లిలో మొదలుపెడితే పప్పు వడ్డించారు. పండుగనాడు మొదలుపెడితే మాంసం వడ్డించారు. "తినురా, సల్లారిపోతది" అన్నారు. ఒకసారి నేను మాట్లాడుతుండగానే మా బాపు లేచి, బర్రె అరవకపోయినా అరిచిందని చెప్పి కొట్టంలోకి వెళ్లాడు. ఇంకోసారి చుట్టం ఒకాయన నన్ను ఆపి, ఈయేడు వానలు పడతాయంటావా అని అడిగాడు. అప్పుడు బయట వాన పడుతూనే ఉంది. ఎవరెవరు నా మాట వినలేదో, వినకుండా ఉండటానికి ఎవరెవరు ఏం చేశారో నాకు అన్నీ గుర్తున్నాయి. వాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. అందుకని ఈసారి రాస్తున్నాను. రాస్తున్నవాడి విస్తట్లో వడ్డించడం ఎవరి వల్లా కాదు.

సంగతి నల్లేరు గురించి, మా అమ్మ గురించి.

మాది హసన్‌పర్తి. ఊరి చివర మాకు కొంచెం మెట్ట చెలక, ఆ చెలక అంచునే ఇల్లు. గొడ్లు పడకుండా చెలక చుట్టూ రేగుకంప వేస్తే, ఆ కంప మీదికి నల్లేరు పాకింది. దాన్ని ఎవరూ నాటలేదు. నాలుగు పలకల తీగ అది. కణుపుకు కణుపు అతికించినట్టు గొలుసులాగా పోతుంటుంది. కణుపు దగ్గర ఒక చిన్న ఆకు ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. ఎండాకాలంలో చెలకంతా బూడిదరంగుకు తిరిగినా కంప మీద అది పచ్చగానే ఉండేది. ముదురు తీగ జోలికి ఎవరూ పోరు. కొసన ఉండే లేత కణుపులు, వాటి ఆకులు తుంపుకొచ్చి తొక్కు నూరుకుంటారు. ఎముకకు బలమని, నడుముకు మంచిదని, బాలింతలకు తప్పకుండా పెట్టాలని మా దిక్కు అంటారు.

తుంపడం ఎవరికైనా వస్తుంది. దాన్ని తినేటట్టు చేయడం మా అమ్మకు వచ్చు. ముందు రెండు చేతులకూ మోచేతుల దాకా నువ్వుల నూనె రాసుకొని కూర్చునేది. పలకల అంచున ఉండే నారను చిక్కుడుకాయకు తీసినట్టు తీసేది. సన్నగా తరిగి, రంగు మారి ముడుచుకుపోయేదాకా నూనెలో వేయించేది. తర్వాత ఎండుమిరపకాయలు, జీలకర్ర, ఎల్లిగడ్డ, చింతపండు వేసి రోట్లో నూరేది. చింతపండు మిగతా తొక్కుల్లో కన్నా ఎక్కువ పడేది. నల్లేరులో ఒక దురద ఉంది, కందగడ్డలో ఉన్నట్టు. నూనెతో సగం పోతుంది, మిగతా సగం చింతపండుతోనే పోవాలి. "పులుపు లేకుంటే నల్లేరు కడుపులకు దిగదు, గొంతులనే కూసుంటది" అనేది అమ్మ. ఆమె చేసిన తొక్కు కోసం వాడకట్టు ఆడవాళ్లు గిన్నెలు పట్టుకొని వచ్చేవాళ్లు. సులువైన పనికి నల్లేరు మీద బండి నడక అంటారు కదా, ఆ సామెత చెప్పినవాడు బండిలో కూర్చొని ఉంటాడు, పొయ్యి ముందర కాదు.

నా సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే దాన్ని సాకుగా పట్టుకొని వాళ్లు నా మాట కొట్టిపారేశారు. డెబ్బైల మొదట్లో నేను వరంగల్‌లో మిల్లులో పనిచేసేవాణ్ని. నాది రాత్రి షిఫ్టు. తెల్లవారి సైకిల్ తొక్కుకుంటూ వచ్చి, ఇంత జొన్నగట్క తాగి, వసారాలో నులకమంచం మీద పడుకునేవాణ్ని. పగటి నిద్ర ఎట్లా ఉంటుందో రాత్రి పనిచేసినవాళ్లకే తెలుస్తుంది. కళ్లు మూతపడతాయి, చెవులు మూతపడవు. వసారాకూ వంటింటికీ మధ్య ఒకటే మట్టిగోడ. పొగ పోవడానికి ఆ గోడ పైభాగాన ఒక కంత వదిలారు. పొగతో పాటు మాటలూ ఆ కంతలోంచి వచ్చి నా మంచం మీద పడేవి. చాలా ఏళ్లు మా ఇంట్లో ఆడవాళ్ల కష్టసుఖాలన్నీ నేను కళ్లు మూసుకొనే విన్నాను.

మా బాపుకు కడగొట్టు చెల్లెలు ఒకామె ఉంది, మా మేనత్త. నాకంటే నాలుగైదేళ్లు పెద్దదేమో, అంతే. ఒకే కంచంలో తిన్నాం, ఒకే చెట్టెక్కి కాళ్లు గీరుకున్నాం. ఆమెను పెంచింది మా నాయినమ్మ కన్నా ఎక్కువగా మా అమ్మే. జడ వేసింది అమ్మ, పెద్దమనిషైతే పక్కన పడుకున్నది అమ్మ. నెక్కొండలో ఒక ఇంటికి ఇచ్చి పెళ్లి చేశారు. ఆ ఇంట్లో ఆమె అత్తది గట్టి నోరు. అక్కడే మేనత్తకు మొదటి కాన్పయింది. ఆడపిల్ల పుట్టి, నెల తిరగకముందే దగ్గు పట్టి పోయింది. బాలింత దొంగతనంగా మామిడికాయ తొక్కు తిన్నదని, ఆ పులుపు పాలల్లో దిగి పిల్లను మింగిందని ఆ అత్త ఊరంతా చెప్పింది. తిన్నదో లేదో నాకు తెలియదు. అడిగితే మేనత్త ఏడ్చేది తప్ప చెప్పేది కాదు.

రెండో కాన్పుకు మా ఇంటికి వచ్చింది. మగపిల్లవాడు పుట్టాడు. పిల్లవాడు బాగానే ఉన్నాడు గానీ, ఈమె నడుము పట్టేసి లేవలేకపోయింది. గోడ పట్టుకొని లేచి, గోడ పట్టుకొనే కూర్చునేది. అమ్మ కంప దగ్గరికి పోయి నల్లేరు కొసలు తుంపుకొచ్చింది. నేను అప్పుడే షిఫ్టు దిగి వచ్చి పడుకున్నాను. నూనె మరిగిన వాసన వస్తోంది. గోడ అవతల మేనత్త గొంతు వినిపించింది.

"వదినె, ఏం చేత్తానవ్?"

"నల్లేరు వేయించుతాన. నీ నడుముకే. జర ఓపిక పట్టు."

"చింతపండు వేత్తవా?"

"వెయ్యకుంటే ఎట్ల తింటవు పిల్లా?"

"వెయ్యకు వదినె. నీ కాళ్లు మొక్కుత. పోరనికి దగ్గు వడితే నేను బతుక."

"పులుపు లేంది గొంతు పడ్తది. అట్లయితే నల్లేరు అసలుకే వద్దు. శొంఠికారమే కలుపుకొని తిను."

"శొంఠి తిని తిని నాలుకె కాలిపోయింది. నడుము నిలవడ్తలేదు. నూనెల ఇంకింత మాడ్సు, దురద అదే పోతది."

"పోతదో పోదో."

"పోతది వదినె. నువ్వు చేత్తే పోతది."

ఈ మాటలు నేను నా చెవులతో విన్నాను. అమ్మ మళ్లీ బాండలి పొయ్యి మీద పెట్టింది, మళ్లీ నూనె పోసింది. రోట్లో నూరిన తర్వాత తాను నాలుక మీద వేసుకొని చూసింది. "జర దురద పడ్తాంది పిల్లా" అన్నది. "గంత పడితే ఏంగాదు" అని మేనత్త గిన్నె లాక్కున్నది. ఎన్నో రోజులుగా చప్పిడి తిండి తిన్న మనిషి. వేడన్నంలో కలుపుకొని గబగబా తినేసింది.

కాసేపటికి కేకలు మొదలయ్యాయి. గొంతులో ముళ్లు దిగినట్టుందని, నాలుక మందమైపోయిందని రెండు చేతులతో మెడ పట్టుకుంది. పెదవులు వాచాయి. పక్కన పిల్లవాడు ఏడుస్తున్నాడు. పాలిస్తే వాడికీ దురద ఎక్కుతుందేమోనని ఎత్తుకోవడానికి భయపడింది. అమ్మ చింతపండు నానబెట్టి, పిసికి, ఆ నీళ్లు గిన్నెలో తెచ్చింది. నల్లేరు దురదకు విరుగుడు అదొక్కటే. "పుక్కిలించి ఉమ్మెయ్యి బిడ్డా, మింగకు" అని బతిమాలింది. పులుపు అనేసరికి మేనత్త పళ్లు బిగబట్టింది. అమ్మ ఒక చేత్తో ఆమె గదవ పట్టుకొని, ఇంకో చేత్తో గిన్నె నోటికి ఆనించింది.

సరిగ్గా అప్పుడే నెక్కొండ నుంచి ఆమె అత్త లోపలికి వచ్చింది. మనవణ్ని చూడటానికి పొద్దటి ప్యాసింజర్‌లో బయలుదేరిందట, మాకు కబురు లేదు. గడపలో నిలబడి ఆమె చూసింది ఇది: కోడలు ఏడుస్తోంది, మూతి వాచి ఉంది, వదినె గదవ పట్టుకొని ఏదో పోస్తోంది.

"ఏం తాపుతానవే దానికి?" అన్నది.

అమ్మకు అబద్ధం రాదు. "చింతపండు నీళ్లు" అన్నది.

ఆ తర్వాత జరిగింది చాలా కొద్దిసేపే. ఆ అత్త చంకలోని సంచి కింద పెట్టలేదు, గొంతు కూడా పెద్దగా ఎత్తలేదు. ఏం పెట్టారు, ఎవరు వండారు అని అడిగింది. "మా కోడలే వండింది వదినె" అన్నది నాయినమ్మ. ఆ అత్త అమ్మను పైనుంచి కిందికి చూసింది. నా తర్వాత అమ్మకు రెండు కడుపులు పోయాయి. అందరికీ తెలిసిన సంగతే, ఆమెకూ తెలుసు.

"ఒక్కని కన్నంక కడుపు ఎండె. వేరేటోళ్ల ఒళ్లె పోరణ్ని చూత్తే మంట ఉండదా? కడుపుల మంట చేతులకు అచ్చింది. దురద చెయ్యి."

నేను మంచం మీద నుంచి లేచి గడపలోకి వచ్చాను. "చింతపండు వద్దన్నది మా అత్తనే. నేను విన్న" అన్నాను.

"నువ్వెక్కడ విన్నవురా?" అన్నది నాయినమ్మ. "గుర్రు పెట్టి పన్నవ్. పొద్దుగాల నా చేతుల చెంబు జారి కింద పడితెనే లేవలే."

"చెంబు పడింది కూడ విన్న."

"కలగని ఉంటడు" అన్నది నెక్కొండ ఆమె. నాయినమ్మ ఆ మాటకు నవ్వింది. వియ్యపురాలి కోపం తగ్గించడానికి నవ్వి ఉంటుంది, కావచ్చు. అయినా నవ్వింది. నేను మరిచిపోలేదు.

నేను మేనత్త వైపు చూశాను. ఆమె పిల్లవాడి వైపు చూస్తోంది. నోరు వాచింది, పాపం మాట్లాడలేకపోయింది అని తర్వాత చాలామంది నాకు నచ్చజెప్పారు. తల ఊపడానికి నోరెందుకు? ఆమె తల ఊపలేదు. అమ్మ నా చెయ్యి పట్టుకొని వసారాలోకి లాక్కొచ్చింది. అమ్మ చేతికి ఇంకా నూనె ఉంది.

"ఊకో కొడుకా. దానికి ఆ ఇంట్ల బతుకున్నది" అన్నది.

పొద్దుగూకకముందే బండి కట్టించి బాలింతనూ పిల్లవాణ్నీ స్టేషనుకు తీసుకుపోయారు. పిల్లవాడి తొట్టెల పండుగ నెక్కొండలోనే చేశారు. మాకు చెప్పిపంపారు గానీ, అమ్మను మాత్రం రావద్దన్నారు.

ఒక మాట ఎంత దూరం పోతుందో నేను ఆ ఏడే చూశాను. దురద చెయ్యి అన్న మాట నెక్కొండ నుంచి వరంగల్‌కు, వరంగల్ నుంచి మా వాడకట్టుకు మాకంటే ముందే వచ్చి కూర్చుంది. తొక్కు కోసం గిన్నెలు రావడం ఆగిపోయింది. పెళ్లిళ్లలో అమ్మను పొయ్యి దగ్గరికి రానిచ్చేవాళ్లు కారు. "నువ్వెందుకు వదినె, జర కూసో" అని ఎంతో మర్యాదగా అనేవాళ్లు. కూర్చుంటే బియ్యంలో రాళ్లు ఏరమనేవాళ్లు, అంట్లు ముందర వేసేవాళ్లు. నా పెళ్లిలో, సొంత కొడుకు పెళ్లిలో, పచ్చిపులుసు తానే చేస్తానని గంటె అందుకుంది. చుట్టాల్లో ఒకామె, "జర చూసుకోని తాగుండ్రి, చెయ్యి పడ్డది" అన్నది. పందిట్లో ఆ వరుస వరుసంతా నవ్వింది. అమ్మ కూడా నవ్వి గంటె కింద పెట్టింది. నేను పీటల మీద నుంచే చూశాను. ఆ వరుసలో ఎవరెవరున్నారో ఇప్పటికీ చెప్పగలను.

ఇంట్లో ఇంకొకటి జరిగింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు గానీ, నాకు మాత్రం అది అన్నిటికన్నా పెద్ద దెబ్బ. మా ఇళ్లల్లో ఆడవాళ్లు అందరి తర్వాత తింటారు. ఆ సంగతి జరిగిన తర్వాత అమ్మ, మా కంచాల్లో వడ్డించే ముందు, కూర గంటెలో తీసుకొని అందరూ చూస్తుండగా నిలబడే ఒక ముద్ద తినేది. పప్పైనా సరే, ఉత్త చారైనా సరే. తిని, మింగి, కాసేపు ఆగి అప్పుడు వడ్డించేది. అట్లా చేయమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నాకు అన్నం సహించేది కాదు. "ఎందుకట్ల చేత్తవ్?" అని అరిచేవాణ్ని. "ఉప్పు చూత్తాన" అనేది. బాపు తల వంచుకొని తినేవాడు. ఒకరోజు ఆయన కొడవలి పట్టుకుపోయి కంప మీది నల్లేరంతా నరికి కుప్ప వేశాడు. భార్య పక్షాన ఆయన చేసింది అదొక్కటే. నల్లేరు తెగిన కణుపు ఎక్కడ పడితే అక్కడ వేరు దిగుతుంది. మరుసటి వానాకాలానికి కుప్ప వేసిన చోట కూడా మొలిచింది. అమ్మ దాన్ని పీకలేదు, మళ్లీ తుంపలేదు కూడా.

నేను ఊరుకోలేదు. మిల్లుకు సెలవున్న ఒకరోజు నెక్కొండ పోయాను. మేనత్త మంచినీళ్లిచ్చింది, అన్నం పెట్టింది. గడపలో ఆమె అత్త కూర్చొని ఉండటంతో ఏమీ అడగలేకపోయాను. సాగనంపడానికి పిల్లవాణ్ని తీసుకొని స్టేషనుకు వచ్చింది. ప్లాట్‌ఫారం మీద చెట్టు కింద ఇద్దరం నిలబడ్డాం.

"అత్తా, ఆనాడు చింతపండు వద్దన్నది ఎవలు?"

"ప్యాసింజర్ లేటట అల్లుడా."

"నేను బండి సంగతి అడుగుతలేను."

ఆమె పిల్లవాడి చొక్కా గుండీ పెట్టింది. అది పెట్టే ఉంది. విప్పి మళ్లీ పెట్టింది.

"నువ్వు జెర్రపోతు తీర్గ పట్టుకుంటవురా. చిన్నప్పుడు గంతే, ఇప్పుడు గంతే" అన్నది. తర్వాత చిన్నగా, "ఆమె ఉండంగ అడగకు. ఒక పిల్లను మింగిన్నన్న పేరు ఇంక పోలే నాకు. నల్లేరు నేనే అడిగి తిన్ననంటే రెండో పోరణ్ని కూడ మింగ చూసిన్నంటది. ఆమె పోయినంక చెప్త. అందరి ముందట చెప్త, పో" అన్నది.

మాట ఇచ్చింది కదా అని ఆగాను. ఇంటికి వచ్చి అమ్మకు చెబితే, "ఎవరి సావు కోసమన్న ఎదురుచూత్తరా?" అని తిట్టింది. నేను ఎదురుచూశాను. ఆ ముసలామె గట్టిది. వరుసగా వానలు పోయాయి, కరువొచ్చింది, మా నాయినమ్మ పోయింది, నాకు ఇద్దరు పిల్లలు పుట్టారు, మిల్లులో సగం మరలు ఆగిపోయాయి. ఆమె మాత్రం గడపలో కూర్చొనే ఉంది. కాలం ఎనభైల్లోకి వచ్చిన తర్వాత ఒక ఎండాకాలం కబురొచ్చింది. దినాలకు అందరికన్నా ముందు నేను చేరాను. చుట్టాలంతా కూర్చొని ఉండగా మేనత్త పక్కకు పోయి, "అత్తా, ఇగ చెప్పు" అన్నాను.

ఆమె నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూసింది. "సచ్చినామె మీద ఇప్పుడు చెప్పాల్నా? నలుగురు ఏమనుకుంటరు?"

"బతికుంటే బతికున్నదంటివి. సస్తే సచ్చిందంటానవ్. మరి ఎప్పుడు చెప్తవ్?"

"నీ కంచంల బూరె వెయ్యమంటవా?" అన్నది పక్కనే వడ్డిస్తున్న ఒకామె.

ఆ తర్వాత కొన్నేళ్లకు అమ్మ పడిపోయింది. నీళ్ల బిందెతో వాకిట్లో జారి తుంటి విరిగింది. వరంగల్ పెద్ద దవాఖానలో కొన్నాళ్లు ఉంచి పంపారు. వయసు మీద పడింది, మళ్లీ లేవడం కష్టమన్నారు. నేను పడుకున్న వసారాలోనే, అదే గోడకు అమ్మ మంచం వేశాం. ఎముక విరిగిందని తెలిసి వాడకట్టు వాళ్లంతా ఒకటే మాట, నల్లేరు పెట్టండి, నల్లేరు కట్టండి అని. మా ఇంట్లో ఆ పేరు ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు.

ఒక మధ్యాహ్నం మేనత్త వచ్చింది. నెక్కొండ నుంచి ఒక్కతే, కొంగు కింద స్టీలు గిన్నె పెట్టుకొని వచ్చింది. మూత తీస్తే నల్లేరు తొక్కు. అమ్మ చేసినట్టే, అదే రంగు, పైన నూనె తేలి ఉంది. అన్నం కలిపి, అమ్మ తల ఎత్తి పట్టుకొని ముద్ద నోట్లో పెట్టింది. నేను గడపలో నిలబడ్డాను. అమ్మ నమిలి, చాలాసేపటికి మింగింది.

"పులుపు మంచిగ పడ్డది" అన్నది.

మేనత్త చెయ్యి కలిపిన అన్నంలోనే ఆగిపోయింది. మిగతా ముద్దలన్నీ పెట్టింది, మూతి తుడిచింది, గిన్నె కడిగింది. అమ్మ పాదాల దగ్గర కాసేపు కూర్చుంది. "బస్సున్నది వదినె" అని లేచింది. నేను గేటు దాకా వెంట పోయాను. నా మొహం చూడకుండా నడిచింది.

తిరిగి వచ్చి అమ్మ మంచం మీద కూర్చున్నాను. "చూసినవా, ఇప్పుడన్న ఒక్క మాట అనలే" అన్నాను.

"అన్నది గదరా" అన్నది అమ్మ.

"ఎప్పుడన్నది? ఏమన్నది? నేను ఈన్నే ఉన్న గద."

"నువ్వు పండుకున్నవు కావచ్చు" అని నవ్వింది.

నాకు కోపమొచ్చింది. కన్నతల్లి కూడా అదే మాట అన్నది. ఆమె హాస్యానికే అన్నదని తెలుసు, నన్ను ఊరడించడానికే అన్నదని తెలుసు. అయినా ఆ రోజు ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ తర్వాత మాట్లాడటానికి ఎక్కువ రోజులు మిగల్లేదు.

అమ్మ పోయింది. మా దిక్కు దినాలకు చనిపోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, విస్తట్లో పెట్టి, పిట్టకు పెడతారు. కాకి వచ్చి ముడితే పోయినవాళ్లకు ఏ కోరికా మిగల్లేదని అర్థం. ముట్టకపోతే ఏదో మిగిలింది. అప్పుడు ఒక్కొక్కరూ ముందుకు వచ్చి, ఆ కోరిక ఏమై ఉంటుందో ఊహించి మాట ఇస్తారు. చెలక గట్టు మీద విస్తరి పెట్టాం. అన్నం, మాంసం, గారెలు, కల్లు. మేనత్త స్టీలు గిన్నె తెచ్చి విస్తరి మూలన ఇంత నల్లేరు తొక్కు పెట్టింది.

కాకులు రేగుకంప మీద వాలాయి. దిగలేదు.

బాపు ముందుకు పోయి, "మనుమరాలి పెండ్లి నేను చేపిత్త, నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాడు. దిగలేదు. నా భార్య, "మామను మంచిగ చూసుకుంట" అన్నది. దిగలేదు. చుట్టాలు తలా ఒకటి అన్నారు. బర్రెను అమ్మబోమని కూడా ఎవరో మాట ఇచ్చారు. ఎండ నెత్తిమీదికి వచ్చింది. పెళ్లిలో నవ్విన ఆ వరుస మొత్తం అక్కడే నిలబడి ఉంది. అమ్మ కోరిక ఏమిటో నాకు తెలుసు. మేనత్తకూ తెలుసు.

"అత్తా" అన్నాను, అందరికీ వినబడేటట్టు. "ఇప్పుడన్న చెప్పు. నువ్వు చెప్పేదాక అవి దిగయి."

ఎవరూ నన్ను ఆపలేదు. వడ్డించడానికి అక్కడ కంచం లేదు. మేనత్త కొంగు భుజం చుట్టూ తెచ్చుకొని విస్తరి ముందు కూర్చుంది. చేతులు జోడించింది.

"వదినె" అన్నది. "ఆనాడు..."

అప్పుడే కంప మీద నుంచి ఒక కాకి దిగి, అటూ ఇటూ చూసి, మాంసం ముక్క ఒకటి ముక్కున కరచుకొని ఎగిరిపోయింది.

"ముట్టింది, ముట్టింది" అన్నారు అందరూ. దండాలు పెట్టారు. ఇగ లేవండి, ఎండ మస్తుగుంది, స్నానాలు కావాలి అన్నారు. బాపు కళ్లు తుడుచుకున్నాడు. ఎవరో మేనత్త రెక్క పట్టి లేపారు. ఆమె లేచింది. కాకి ముట్టిన తర్వాత చెప్పేదేముంటుంది? పోయినామెకు ఏ కోరికా లేదని తేలిపోయింది కదా. తొక్కును ఏ కాకీ ముట్టలేదు. సాయంత్రానికి చీమలు పట్టాయి. ఆ సంగతి చూసినవాణ్ని నేనొక్కణ్నే, ఎందుకంటే మళ్లీ అక్కడికి పోయినవాణ్ని నేనొక్కణ్నే.

కాకికి మాంసమంటే ఇష్టం, దిగింది. దాన్ని మా అమ్మ జవాబుగా నేను ఒప్పుకోను. మేనత్త తెచ్చిన తొక్కును క్షమాపణగా మా అమ్మ ఒప్పుకుందంటారు. ఒప్పుకుంటే ఒప్పుకోనీ, అది వాళ్లిద్దరి మధ్య. ఆనాడు గడపలో నిలబడి నేను విన్నానని చెప్పిన మాట ఇంకా అబద్ధంగానే ఉంది. మా వాళ్లల్లో కొత్తగా వచ్చిన కోడళ్లకు కూడా మా అమ్మ పేరు తెలియదు, దురద చెయ్యి ఆమె అంటేనే తెలుస్తుంది. పోయిన పెళ్లిలో నా చెవులతో విన్నాను, అప్పుడు కూడా నిద్రపోలేదు.

కంప ఇప్పుడు లేదు, గోడ కట్టారు. నల్లేరు గోడ మీద ఉంది.

అత్తా, నువ్వు నెక్కొండలో ఉన్నావు. ఆరోగ్యంగా ఉన్నావని విన్నాను, సంతోషం. ఆ రోజు పాలకు ఏడ్చిన నీ కొడుక్కు పిల్లలున్నారు, ఎవరికీ దగ్గు లేదు. నిన్ను భయపెట్టే మనుషులెవరూ మిగల్లేదు. నీకు జడ వేసిన మనిషి మీద నువ్వు ఆ మాట ఉండనిచ్చావు. చెలక గట్టు మీద ఒక మాట మొదలుపెట్టి సగంలో లేచిపోయావు. "వదినె, ఆనాడు" అన్నావు. ఆనాడు ఏమిటి? చింతపండు వద్దన్నది ఎవరు? నలుగురిలో నిలబడి, నాకు వినబడేటట్టు చెప్పు. నేను మెలకువగానే ఉన్నాను.